పాత ఇటుక చిమ్నీ బదులు డ్యూరాటెక్ స్టీలు చిమ్నీ: గొట్టం గట్టిదే, చుట్టూ ఖాళీ ముఖ్యం

అమెరికాలో న్యూజెర్సీ వైపు వందేళ్ల నాటి ఇల్లు కొన్నవాళ్లు కప్పు మీది చిమ్నీని దగ్గరగా చూడండి. ఇటుకల మధ్య సున్నం వేలితో గీకితే ఇసుకలా రాలుతుంటే, ఇటుకలు పెచ్చులూడుతుంటే, లోపలికి దిగిన నీరు చలికి గడ్డకట్టి పగలగొడుతోందని అర్థం. మెత్తటి పాత ఇటుకకు గట్టి సిమెంటు పూసి ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. తేమ సున్నం గుండా ఆరిపోయే దారి మూసుకుపోతుంది.

కట్టెల పొయ్యి వాడేవాళ్లకు డ్యూరావెంట్ కంపెనీ డ్యూరాటెక్ మంచి ప్రత్యామ్నాయం. 6 అంగుళాల సైజులో లోపలి గొట్టం వ్యాసం 6 అంగుళాలు, బయటిది 8 అంగుళాలు, మధ్యలో అంగుళం ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర). ముక్కలు ఒకదాంట్లో ఒకటి పెట్టి తిప్పితే బిగుసుకుంటాయి. యూఎల్ 103 హెచ్‌టీ అనే అమెరికా భద్రతా ప్రమాణం ప్రకారం 2100 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిని 10 నిమిషాల చొప్పున మూడుసార్లు తట్టుకోవాలి. కట్టెల పొగ నుంచి గొట్టం లోపల పేరుకునే తారులాంటి మసిని క్రియోసోట్ అంటారు; అది అంటుకుంటే లోపల పుట్టే మంట అలాంటిదే. వేరే కంపెనీ ముక్కలు మాత్రం దీనికి కలపకండి.

ఎక్కువమంది తప్పు చేసేది బిగింపులోనే. గొట్టానికీ చెక్కకూ మధ్య అన్నివైపులా 2 అంగుళాలు వదలాలి, అంటే 8 అంగుళాల బయటి గొట్టానికి కప్పు దూలాల నడుమ 12 అంగుళాల చదరం. అటకలో ఇన్సులేషన్ పరిచేవాళ్లు ఆ సందులో కూడా దాన్నే కూరేస్తారు. గాలి ఆడక చెక్క ఏళ్ల తరబడి వేడికి మాడి, చివరికి తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది. అందుకే అటకలో ఇన్సులేషన్‌ను గొట్టానికి దూరంగా ఉంచే షీల్డు, అంతస్తు దాటేచోట మంట పైకి పాకకుండా ఆపే ఫైర్‌స్టాప్ తప్పనిసరి. పైన గొట్టం కప్పును దాటినచోటి నుంచి కనీసం 3 అడుగులు లేవాలి, 10 అడుగుల లోపు ఉన్న ఇంటి ఏ భాగం కన్నా 2 అడుగులు ఎత్తుండాలి. 5 అడుగులు మించి లేస్తే ఊతం కడ్డీలు కావాలి.

పాతది కూల్చేటప్పుడు పైనుంచి వరసగా చేత్తో తీసి బకెట్లలో దించండి. లోపలికి పడేస్తే మసి ఇల్లంతా కమ్ముతుంది. ఇటుక మీద దూలాలేమైనా ఆని ఉన్నాయేమో ముందే చూసి, ఉంటే వాటికి వేరే ఊతం ఇచ్చాకే చెయ్యి పెట్టాలి.

చూపుకు ఇటుక అందం స్టీలు చిమ్నీకి రాదు, అది నిజం. వంపులు కూడా 30 డిగ్రీలు దాటకూడదు కాబట్టి నిటారుగా వెళ్లే దారి లేని ఇళ్లలో ఖర్చు పెరుగుతుంది.

గ్యాస్ వాటర్ హీటర్ పొగ కూడా ఆ పాత చిమ్నీలోకే వెళ్తుంటే, దానికి వేరే దారి ఏర్పాటు చేశాకే మొదటి ఇటుక తీయాలి. లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే వస్తుంది.