జోడిపి విత్తనపు పొట్టేలు: నాలుగు ఎద కాలాలు వాడాక

రెండు పళ్ళ మీద, అంటే పాలపళ్ళు పోయి రెండు పెద్దపళ్ళు వచ్చిన ఈడులో, 48 కిలోల బరువుతో కొన్న నెల్లూరు జోడిపి పొట్టేలు ఇది. చంద్రగిరి, పాకాల మధ్య బీళ్ళలో మేసే మందలో వరుసగా నాలుగేళ్ళు, ఏటా జూన్, జూలై నెలల్లో పాతిక గొర్రెలకు తగ్గకుండా దాటింది (జతకట్టింది). ఇప్పుడు నోరు నిండింది, అంటే ఎనిమిది పెద్దపళ్ళూ వచ్చేశాయి. రంగు కోసమే కొన్నది కాబట్టి ముందు రంగు సంగతే చెబుతాం. తర్వాత ఒళ్ళు, వాడకం, అమ్మకం.

నెల్లూరు జాతిలో మూడు రకాలున్నాయని కాపరులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒళ్ళంతా తెల్లగానో, తల, మెడ, వీపు, కాళ్ళ మీద లేత గోధుమ మచ్చలతోనో ఉండేది పల్ల. ఒళ్ళంతా ఎర్రగోధుమ రంగుంటే డోర. తెల్లటి ఒంటి మీద కళ్ళ చుట్టూ, పెదవుల మీద, కింది దవడ మీద నల్లమచ్చలుంటే జోడిపి. జోడిపికి పొట్ట కింద, కాళ్ళ మీద కూడా నలుపు ఉండొచ్చు, అది తప్పు కాదు. ఈ పొట్టేలుకు రెండు కళ్ళ చుట్టూ మచ్చ సమంగా ఉంది, పెదవులు పూర్తిగా నలుపు, మెడకింద వేలాడే తోలు తమ్మెలు రెండూ ఉన్నాయి.

జోడిపి గొర్రెలకు పుట్టిన పిల్లల్లో ఎక్కువ వాటికి కళ్ళ దగ్గర, మూతి మీద మచ్చ స్పష్టంగా దిగింది. కానీ తండ్రి మచ్చ ఎంతుందో పిల్లకూ అంతే దిగుతుందనుకుంటే పొరపాటు. ఒక పిల్లకు కన్ను చుట్టూ వలయంలా, మరో పిల్లకు ఒక్క కంటికే, ఇంకోదానికి చెవి దాకా పాకినట్టు వచ్చింది. పల్ల గొర్రెలకు కట్టినప్పుడు మచ్చలు చిన్నవయ్యాయి, కొన్నిటికి పెదవి నలుపు తప్ప ఇంకేమీ లేదు. డోర గొర్రెలకు కట్టడం మాత్రం మళ్ళీ చేయం. పిల్లలు బలంగా పుట్టాయి, రంగులో మాత్రం ఏ రకం కిందా చేరలేదు. అలాంటి పిల్లలు మాంసానికి అమ్ముడుపోతాయి, విత్తనానికి ఎవరూ అడగరు. రంగు మంద కావాలనుకునేవాళ్ళు జోడిపిని జోడిపికే కట్టాలి.

పుట్టిన రోజు రంగు చూసి రాసుకోవచ్చు గానీ తీర్పు చెప్పకూడదు. పుట్టినప్పుడు కమ్ముకున్నట్టుండే వెంట్రుక రాలి కొత్తది వచ్చేసరికి మచ్చ అంచు మారుతుంది. పుట్టిన రోజు ఒకసారి, పాలు మాన్పించే మూడో నెలలో ఒకసారి ఎడమ, కుడి, ముఖం మూడు ఫొటోలు తీసి చెవి నంబరు పక్కన పెట్టాం. రంగు గురించి మాట్లాడాల్సింది మూడో నెల ఫొటో చూసే.

ఇక దాగిన రంగు. గొర్రెల్లో కొన్ని రంగులు తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి రెండింటి నుంచీ వస్తేనే బయటపడతాయి. ఒక్క వైపు నుంచే వస్తే లోపలే ఉండిపోతాయి. పొట్టేలు ఎంత అందంగా ఉన్నా అది ఏం మోస్తోందో దాని ఒంటి మీద కనపడదు, పిల్లల మీదే కనపడుతుంది. దీనికి లెక్క ఉంది. ఆ వద్దనుకున్న రంగు ఒంటి మీద ఉన్న గొర్రెలకే పొట్టేలును కట్టండి. ఏడు పిల్లలు పుట్టి ఒక్కదానికీ ఆ రంగు రాకపోతే, అది పొట్టేలులో ఉండి కూడా ఇలా తప్పించుకునే అవకాశం 128లో ఒక వంతే. అలాంటి గొర్రెలు దొరక్కపోతే, ఇంతకుముందు ఆ రంగు పిల్లను ఈనిన గొర్రెలకు కట్టొచ్చు, కానీ అప్పుడు పదహారు పిల్లలు కావాలి. నెల్లూరు గొర్రె ఎక్కువగా ఒక్క పిల్లనే ఈనుతుంది కాబట్టి ఏడు పిల్లలంటే ఏడు గొర్రెలు, పదహారంటే పదహారు. పెద్ద మంద ఉన్నవాళ్ళకు ఇది ఒక్క కాలంలో తేలిపోయే పని. సొంత కూతుళ్ళకే కట్టి చూసే పద్ధతీ ఉంది గానీ దానికి ముప్పై అయిదు పిల్లలు కావాలి, పైగా రక్తం దగ్గరై పిల్లలు బక్కచిక్కిపోతాయి. ఆ దారి వద్దు.

ఇంత రంగు లెక్క చెప్పినా, కొనేటప్పుడు చేయి ముందు వెళ్ళాల్సింది బీజాల మీదికే. పొట్టేలును నిలబెట్టి వెనక నుంచి రెండు చేతులతో కిందికి జార్చి పట్టుకోవాలి. రెండూ ఒకే పరిమాణంలో ఉండి, నొక్కితే పిడికిలి బిగించినప్పటి బొటనవేలి కండలా గట్టిగా అనిపించాలి. అడుగున ముడిలా ఉండే భాగం కూడా రెండు వైపులా సమంగా ఉండాలి. అక్కడ గడ్డ తగిలినా, ముట్టుకుంటే పొట్టేలు ఎగిరిపడినా వదిలేయండి. టేపు చుట్టి కొలిస్తే రెండు పళ్ళ పొట్టేలుకు 28 సెంటీమీటర్లకు తగ్గకూడదు, నోరు నిండేసరికి 30 దాటాలి. ఒక్క బీజమే దిగిన పొట్టేలు ఎంత చవకైనా వద్దు, ఆ లోపం కొడుకులకూ దిగుతుంది.

తర్వాత నోరు. గొర్రెకు పైన ముందుపళ్ళుండవు, గట్టి చిగురే ఉంటుంది. కింది పళ్ళు సరిగ్గా ఆ చిగురు మీద ఆనాలి. ముందుకు పొడుచుకొచ్చినా వెనక్కి జారినా మేత సరిగా తెగదు. కాళ్ళు చూడాలంటే నడిపించి వెనక నుంచి చూడాలి. వెనక మడమలు ఒకదానికొకటి రాసుకుంటూ నడిచే పొట్టేలు దాటేటప్పుడు బరువు ఆపలేదు. కనురెప్ప కింద చర్మం చూడటం మరవొద్దు. జోడిపికి కంటి చుట్టూ నలుపు ఉన్నా రెప్ప లోపలి పొర ఎర్రగానే కనపడాలి. పాలిపోయి తెల్లగా ఉంటే కడుపులో నెత్తురు పీల్చే పురుగులున్నాయేమోనని అనుమానించాలి.

రంగులో మోసం కూడా జరుగుతుంది. మచ్చ ఒక కంటికి తక్కువైతే జుట్టు రంగు పూసి సమం చేసి సంతకు తెస్తారు. తెల్లగుడ్డను కొబ్బరినూనెలో తడిపి మచ్చ మీద గట్టిగా పదిసార్లు రుద్దండి, పూత నల్లగా గుడ్డకు అంటొచ్చు. అంటకపోయినా వెంట్రుకను వేళ్ళతో పాయ తీసి అడుగున చర్మం చూడండి. ఈ జాతిలో అసలు మచ్చ కింద చర్మం కూడా నల్లగా ఉంటుంది. పైన నలుపు, కింద గులాబీ చర్మం కనపడితే బేరం అక్కడే ఆపేయాలి. ఈ పని చేసేవాళ్ళ వల్ల నిజాయితీగా మంద పెంచేవాళ్ళ పొట్టేళ్ళను కూడా జనం అనుమానంగా చూస్తున్నారు.

వాడకంలో ఈ పొట్టేలు నిరాశపరచలేదు. మే మధ్య నుంచి రోజుకు 300 గ్రాముల దాణా మొదలుపెట్టి, గొర్రెలతో కలిపేనాటికి అర కిలో చేశాం. ఉలవలు, వేరుశెనగ చెక్క, కొంచెం తవుడు, ఉప్పు, ఖనిజ లవణాలు. దాంతోపాటు శెనక్కాయ కట్టె, అవిశ ఆకు. తవుడు ఎక్కువ పెట్టకండి. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. పొట్టేలు మూత్రనాళం సన్నం కాబట్టి రాళ్ళు కట్టి అడ్డుపడతాయి. పొట్టేలు కాళ్ళు చాపి నిలబడి, తోక ఆడిస్తూ, చుక్కచుక్కగా పోస్తుంటే అదే గుర్తు. ఆ రోజే పశువుల డాక్టరును పిలవాలి, మర్నాటికి ఆలస్యమైపోతుంది. నీళ్ళు ఎప్పుడూ దొడ్డిలోనే ఉంటే ఈ ముప్పు చాలా తగ్గుతుంది.

జూన్, జూలై మన వైపు తోతాపురి మామిడి కోతల కాలం కూడా. రాలిన కాయలున్న తోటలోకి ఎద కాలంలో మందను వదలొద్దు. పొట్టేలు ఆబగా తింటుంది, పులిసిన కడుపుతో రెండు రోజులు మూలన పడుకుంటుంది, ఆ రెండు రోజుల్లో ఎదకొచ్చిన గొర్రెలు తప్పిపోతాయి.

ఎవరు దాటారో తెలియకపోతే రంగు లెక్కంతా వృథా. అందుకే ఒక దొడ్డికి ఒక్క పొట్టేలే. జాజును (ఎర్రమట్టి రంగును) వేరుశెనగ నూనెలో ముద్దగా కలిపి పొట్టేలు ముందుకాళ్ళ మధ్య రొమ్ముకు పట్టించాలి, రెండు రోజులకోసారి మళ్ళీ పూయాలి. దాటిన గొర్రె తోక పైన, నడుము మీద ఎర్రటి మరక పడుతుంది. పొద్దున్నే మందను బయటికి తోలేటప్పుడు మరక పడ్డ నంబర్లు రాసుకోవాలి. గొర్రె ఎద 17 రోజులకోసారి వస్తుంది కాబట్టి పదిహేడో రోజున జాజు తీసి నీలిమందు పెట్టాం. ఎరుపు మీద నీలం పడితే మొదటిసారి చూలు కట్టలేదని అర్థం. నీలం మరకలు సగానికి మించితే లోపం గొర్రెల్లో కాదు, పొట్టేలులో. డోర గొర్రెల మీద జాజు కనపడదు, వాటికి మొదటి నుంచే నీలం పెట్టాలి. 35 రోజులకు పొట్టేలును తీసేసి, ఇంకో పొట్టేలును కలపడానికి ముందు మూడు వారాలు ఖాళీ వదలాలి. చూలు గొర్రె 150 రోజులకు అటూఇటూగా ఈనుతుంది, ఆ ఖాళీ ఉంటేనే తండ్రి ఎవరో తేదీని బట్టి చెప్పగలం.

మూడో ఏడు ఒక్కసారి నీలం మరకలు మితిమీరాయి. కారణం వెనక్కి లెక్కేస్తే దొరికింది. ఏప్రిల్ చివర్లో పొట్టేలుకు నాలుగు రోజులు జ్వరం వచ్చింది. జ్వరం గానీ ఎండదెబ్బ గానీ తగిలితే బీజాలు వేడెక్కి, అప్పుడు తయారవుతున్న వీర్యం పాడవుతుంది. కొత్తది తయారై రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. పలమనేరు మిట్టలో చల్లగా పెరిగిన పొట్టేలును ఏప్రిల్, మేలలో తిరుపతి, శ్రీకాళహస్తి ఎండల్లోకి దించేవాళ్ళు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి. దించాలంటే ఫిబ్రవరిలోపు దించి, ఎండాకాలం మధ్యాహ్నం పూట చెట్టు నీడలో ఉంచాలి.

ఈ పొట్టేలు లోపాలు రెండు. గిట్టలు తొందరగా పెరుగుతాయి, రెండు నెలలకోసారి చెక్కకపోతే వానాకాలంలో కుంటుతుంది. కుడి కొమ్ము చెంపకేసి తిరిగింది. నాలుగో ఏడు కొన చర్మానికి తగలబోతుంటే తీగ రంపంతో రెండు అంగుళాలు కోయించాం. కోయించకపోతే దవడలోకి దిగి పుండవుతుంది. కొమ్ము తెగితే బక్రీద్‌కు కొనేవాళ్ళు తీసుకోరు కాబట్టి ఆ ధర పోయినట్టే. కొమ్ములు చెంపకు దూరంగా చుట్టుకునే పొట్టేలును ఎంచుకోమనేది అందుకే.

నాలుగేళ్ళు ఉంచుకోవడమే ఈ పొట్టేలు విషయంలో జరిగిన అసలు తప్పు. మొదటి జూన్‌లో కలిపితే నవంబరుకు పిల్లలు, ఫిబ్రవరికి మూడో నెల ఫొటోలు. అప్పటికి పొట్టేలు నాలుగు పళ్ళ మీద ఉంటుంది. రెండో ఫిబ్రవరికి రెండు ఈతల పిల్లలు చేతిలో ఉంటాయి, పొట్టేలు ఆరు పళ్ళ దగ్గరికి వస్తుంది. ఆ తర్వాత జూన్‌కు దాని కూతుళ్ళే ఎదకొస్తాయి, మందలో దానికి చోటుండదు. కాబట్టి ఆ రెండో ఫిబ్రవరి నుంచి మే లోపు అమ్మేయాలి. రుజువు నిండుగా ఉంటుంది, కొన్నవాళ్ళకు ఇంకా మూడు కాలాలు పని చేస్తుంది. నోరు నిండాక అడిగేవాళ్ళంతా తూకం ధరే అడుగుతున్నారు.

ధర కట్టే పద్ధతి ఇలా పెట్టుకోండి. పొద్దున పరగడుపున తూచిన బరువును ఆ వారం సంతలో కిలో ధరతో హెచ్చవేస్తే వచ్చేది అడుగు ధర, దాని కంటే కిందికి రావద్దు. దాని మీద అదనం అడగాలంటే కాగితం ఉండాలి: ఎన్ని గొర్రెలకు కట్టాం, ఎన్ని ఈనాయి, ఏ రంగు గొర్రెకు ఏ రంగు పిల్ల, మూడో నెల ఫొటోలు, టీకాల తేదీలు. పనికిరాని రంగు పిల్లలను కూడా రాసి చూపించాలి. అవి దాచిన కాగితాన్ని తెలిసినవాడు ఒక్క చూపులో పట్టేస్తాడు. ఉప్పు పెట్టి నీళ్ళు తాగించి తూకానికి నిలబెట్టే పని ఎవరూ చేయొద్దు, అది విత్తనానికి కొనేవాడు మళ్ళీ మన గడప తొక్కకుండా చేస్తుంది. సంతలో తువ్వాలు కింద వేళ్ళతో బేరమాడే దళారీకి పొట్టేలు కండే తెలుసు, పిల్లల పుస్తకం అక్కరలేదు. విత్తనపు పొట్టేలును మంద దగ్గరే, దాని పిల్లలను పక్కన కట్టి అమ్మాలి.

తీసుకెళ్ళేవాళ్ళకు మేము రాసిచ్చే షరతు ఒక్కటే: కలిపిన 35 రోజుల్లో రంగు మరకలు రాసుకుని పంపితే, రెండోసారి మరకలు సగం దాటినప్పుడు పొట్టేలును వెనక్కి తీసుకుంటాం. కొత్త చోట మొదటి 21 రోజులు మందతో కలపకుండా విడిగా కట్టండి. పారుడు రోగం, చిటుక రోగం, నీలినాలుక టీకాల తేదీలు మేమిచ్చిన కాగితంలో చూసి, గడువు దాటినవాటిని ఆ రోజుల్లోనే పూర్తి చేయించండి. పాత మేత రెండు మోపులు వెంట తీసుకెళ్ళి వారం పాటు కొత్త మేతలో కలిపి పెట్టండి.