శనివారం ఖాళీ లేని అమ్మాయి, టోపీ పెట్టుకున్న అబ్బాయి

ప్రేమించడానికీ గైడ్లున్నాయి. అమెరికాలో ఆడవాళ్ళ కోసం 1995లో 'ది రూల్స్' వచ్చింది, మగవాళ్ళ చేతికి 2005లో 'ది గేమ్' అందింది.

మొదటిది రాసిన ఎలెన్ ఫైన్, షెర్రీ ష్నైడర్‌ల లెక్కలో అమ్మాయి తనంతట తాను ఫోన్ చెయ్యకూడదు. అతను చేస్తే ముందు తనే పెట్టెయ్యాలి. బుధవారం దాటాక శనివారానికి పిలిచాడా, ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్నా సరే, "అయ్యో, పనుందండీ" అనాలి. బెట్టు చెయ్యడంలో మన మగపెళ్ళివారికి ఏమాత్రం తీసిపోరు. తీరా వీళ్ళ పెళ్ళి సూత్రాల పుస్తకం 2001లో వచ్చే వేళకి ఫైన్ గారి విడాకుల కబురూ బయటికొచ్చింది!

విలేఖరి నీల్ స్ట్రాస్ రాసిన రెండోదాంట్లో తొందరెక్కువ. కనబడ్డ మూడు సెకన్లలో పలకరించాలి, మెచ్చుకుంటూనే చురక వెయ్యాలి, పదిమంది కళ్ళలో పడే వేషం కట్టాలి.

నా ఓటు రూల్స్‌కే. కనీసం ఇంటిపట్టున ఉండొచ్చు.

ఈ రెండు పుస్తకాల శిష్యులూ ఎదురుపడితే చూడాలి. వింత టోపీ అబ్బాయి, "జుట్టు బాగుందండీ, విగ్గా?" అంటాడు. ఆ అమ్మాయి గడియారం చూసుకుని చక్కా వెళ్ళిపోతుంది. పుస్తకం భలే పనిచేసిందని ఇద్దరికీ సంబరమే.