దిగేది ఒక ఊళ్ళో, తిరిగి ఎక్కేది ఇంకో ఊళ్ళో: మల్టీ సిటీ టికెట్టు గురించి

వెనిస్ చూశాక మళ్ళీ రోమ్‌కి వెనక్కి వెళ్ళక్కర్లేదు. ఈ ఒక్క ముక్కకే నేనీ టికెట్టుకి పడిపోయాను. రోమ్‌లో దిగడం, దారిలో ఫ్లోరెన్స్ చూడడం, వెనిస్ నుంచి ఇంటికొచ్చేయడం. విమానాల సైట్లలో వన్ వే, రౌండ్ ట్రిప్ పక్కన ‘మల్టీ సిటీ’ అని ఇంకో గడి ఉంటుంది, ఎవరూ పెద్దగా నొక్కరు. అదే ఇది. టికెట్ల వ్యాపారంలో ఉన్నవాళ్ళు ఓపెన్ జా అంటారు. మొదటిసారి విదేశం అంటే ఇటలీకి ఇలాగే వెళ్ళాం. తర్వాత వియత్నాం కూడా ఇలాగే. ఈలోపు చుట్టాల్లో ఎవరు ఎక్కడికి బయల్దేరినా టికెట్టు చూసిపెట్టే పని నా నెత్తినే పడింది. కాబట్టి పొగడ్డంతోపాటు నాలుగు మాటలనే హక్కు కూడా వచ్చిందనుకుంటున్నాను.

ఏ కాగితాలు పెట్టాలి, ఎన్ని యూరోలు పట్టుకెళ్ళాలి లాంటివి అందరూ రాసేశారు. వాటి జోలికి పోను.

మావి ఇద్దరివీ బడి ఉద్యోగాలు. ఉండేది బరంపురం. ఒరిస్సా బళ్ళకి పూజా సెలవులొస్తే తప్ప మాకు ఊరు కదిలే వీల్లేదు. ఆ కాసిన్ని రోజుల్లో మూడు పాత నగరాలు చూడాలంటే ఒక్క పూట వృథా అయినా ప్రాణం ఉసూరుమంటుంది. వెనిస్ నుంచి రోమ్‌కి వేగంగా వెళ్ళే రైలుకే నాలుగు గంటలు. దానికి ముందు పెట్టెలు సర్దుకోవడం, తర్వాత విమానం కోసం రోమ్‌లో ఇంకో రాత్రి గది. చూసేసిన ఊరికి మళ్ళీ వెళ్ళడానికి ఒక రోజు ఖర్చు. పైగా డబ్బులు.

ధర గురించి భయపడ్డాను. పోవడానికొకటి, రావడానికొకటి విడివిడిగా వన్ వేలు చూస్తే గుండె ఆగినంత పనైంది. అవే ఊళ్ళు మల్టీ సిటీలో పెడితే మామూలు రిటర్న్‌కి దగ్గర్లోనే ఉంది. కారణం తర్వాత తెలిసింది. పెద్ద విమాన కంపెనీలు చాలావరకు రోమ్ రిటర్న్‌లో సగం, వెనిస్ రిటర్న్‌లో సగం కలిపి లెక్క కడతాయి. వన్ వే మాత్రం వేరే రేటు. పైన పడిన తేడా, మేం వెనక్కి వెళ్ళి ఉంటే పెట్టే రైలు ఖర్చు కన్నా తక్కువే.

ఊళ్ళో ఒక ఏజెంటు దగ్గర అడిగితే, “మేడమ్, రిటర్న్ అంటే దిగిన చోటినుంచే రావాలి. లేపోతే వీసా కొట్టేస్తారు” అని తేల్చేశాడు. ఎంత ధీమాగా చెప్పాడంటే మా ఆయన డీలా పడిపోయారు. షెంగెన్ వీసాకి, అంటే ఇటలీతోపాటు యూరప్‌లో చాలా దేశాలకి ఒకటే సరిపోయే వీసాకి, అలాంటి నియమం ఏదీ లేదు. ఎప్పుడు వస్తున్నారు, ఎప్పుడు పోతున్నారు, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారు అన్నది అతుకు కనపడకుండా చూపించాలి, అంతే. ఒకే దిక్కుగా పోయే ప్రయాణం కాబట్టి వీసా దరఖాస్తుతో పెట్టే కవరింగ్ లెటర్ మాకు ఒక పేజీలో అయిపోయింది.

మామయ్యగారు రైల్వే బుకింగ్‌లో చేసి రిటైరయ్యారు. ఆయనకి నేను పూర్తిగా చెప్పక్కర్లేకుండానే అర్థమైపోయింది. “ఇది మన సర్క్యులర్ జర్నీ టికెట్టే కదమ్మా. గయ మీంచి పోయి ప్రయాగ మీంచి వచ్చేవాళ్ళకి నేనెన్ని రాశానో. దార్లో ఎనిమిది చోట్ల దాకా దిగొచ్చు” అన్నారు. ఆ టికెట్టు ఇప్పటికీ ఉందని చాలామందికి తెలీదు, అది వేరే సంగతి.

బరంపురం వాళ్ళకి ఇందులో ఇంకో లాభం ఉంది. భువనేశ్వర్ మాకు 170 కిలోమీటర్లు, విశాఖ 280 దాకా. రెండూ ఒకే రైలు దారి మీద, చెరో పక్క. అందుకని ఇటువైపు కూడా విడగొట్టేశాను. భువనేశ్వర్‌లో ఎక్కి విశాఖలో దిగేలా. మా అప్ప ఉండేది విశాఖలోనే. వచ్చిన రాత్రి వాళ్ళింట్లో పప్పుచారు తిని పడుకుని, మర్నాడు రైలెక్కి వచ్చేశాం. హైదరాబాద్ వాళ్ళకి ఈ సుఖం లేదు పాపం.

ఇక సమ్మె సంగతి. ఫ్లోరెన్స్ నుంచి వెనిస్‌కి మారే రోజునే ఇటలీ అంతా రైల్వే సమ్మె. ముందురోజు రాత్రి హోటల్లో కౌంటర్ దగ్గరున్నావిడ అదేదో వాన పడుతుందన్నంత మామూలుగా చెప్పింది. పొద్దున్న 9 నుంచి సాయంత్రం 5 దాకా అట. మా బండి సరిగ్గా మధ్యాహ్నం. కాసేపటికి రద్దయిందని మెసేజ్ వచ్చింది, డబ్బు వెనక్కి ఇస్తామని కూడా. డబ్బెవరికి కావాలి? ఇంటికెళ్ళే విమానం వెనిస్‌లో ఉంది.

ఈ టికెట్టులో ఉన్న అసలు కిటుకు నాకు అప్పుడు తెలిసింది. మూడు ఊళ్ళలో ఏ రెండింటి మధ్య దారి తెగినా, చివరి ఊరు మాత్రం చేరి తీరాలి. బస్సులు చూద్దామంటే ఫోన్‌లో సీట్లు మా కళ్ళ ముందే అయిపోతున్నాయి. ఫ్లోరెన్స్‌లోని సాంతా మరియా నొవెల్లా స్టేషన్‌లో బోర్డంతా ఎర్ర అక్షరాలు. నేల మీద కూర్చున్న జనం. మేమూ పెట్టెల మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పప్పుండలు తింటూ అయిదు ఎప్పుడవుతుందా అని చూస్తున్నాం. మా ఆయన మాత్రం ఇదంతా నీ టికెట్టు వల్లేనని నన్నేమీ అనకుండా మామయ్యగారికి ఫోన్ చేసి సమ్మె ఎలా జరుగుతోందో పూసగుచ్చినట్టు చెప్తున్నారు. ఆయన అటు నుంచి మన 1974 రైల్వే సమ్మె కథ ఎత్తుకున్నారు. మంచి కాలక్షేపమే, రోమింగ్ బిల్లు తప్ప.

అయిదయ్యాక వేగం బళ్ళు కదిలాయి గానీ పొద్దున్నుంచీ ఆగిపోయిన జనమంతా వాటి మీదే పడ్డారు. రిజర్వేషన్ లేందే వాటిలో ఎక్కనివ్వరు. అప్పుడు యూనిఫాంలో ఉన్న ఒకాయన మా ముఖాలు చూసి చీటీ మీద మూడు పేర్లు రాసిచ్చాడు: ప్రాతో, బొలోన్యా, వెనీజియా. రెజొనాలే, అంటే ప్రాంతీయ రైళ్ళు. వీటికి రిజర్వేషన్ ఉండదు, సీట్లు అయిపోయాయనే మాట లేదు. నెల ముందు కొన్నా నిమిషం ముందు కొన్నా అదే ధర. కాగితం టికెట్టయితే ప్లాట్‌ఫాం దగ్గరున్న చిన్న మెషీన్‌లో ముద్ర వేయించుకుని ఎక్కాలి, లేకపోతే జరిమానా. వేయించుకుని ఎక్కేశాం.

నిలబడే వెళ్ళాం, ప్రాతో దాకా. తర్వాత సీటు దొరికింది. బొలోన్యాలో తర్వాతి బండికి బాగా టైముంది. స్టేషన్ బయటికొచ్చి నాలుగడుగులు వేశామో లేదో, వీధికి రెండు పక్కలా కప్పు ఉన్న వసారాలు. ఆ ఊళ్ళో ఇలాంటివి కిలోమీటర్ల కొద్దీ ఉన్నాయట, 2021లో యునెస్కో జాబితాలో చేర్చారు. సన్నగా వాన. తల తడవకుండా ఆ వసారాల్లోనే పెట్టెలు లాక్కుంటూ నడిచాం. ఒక బేకరీలో వేడి రొట్టెముక్క, మీద ఉల్లిపాయలు. మాంసం లేదని రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాం. మా ప్లాన్‌లో బొలోన్యా పేరు కూడా లేదు. ఇంటికొచ్చాక ఇటలీలో ఏది నచ్చిందని అడిగితే మా ఆయన కలోసియం అనరు, ఆ వీధి పేరెత్తుతారు.

ఫెరారా, పాదువా దాటి, నీళ్ళ మధ్యనున్న వంతెన మీదికి బండి వచ్చేసరికి బాగా రాత్రయింది. వెనిస్‌లో సగం రోజు పోయింది. చివరి ఊళ్ళో రెండు రాత్రులు ఉంచుకున్నాం కాబట్టి సగమే. అప్పట్నుంచి ఎవరికి చేసిపెట్టినా చివరి ఊళ్ళో రెండు రాత్రులు తగ్గనివ్వను. ఇటలీ వెళ్ళేవాళ్ళకి ఇంకోటి: అక్కడ రైళ్ళ సమ్మెలు చెప్పాపెట్టకుండా రావు. 1990 నాటి చట్టం ప్రకారం కనీసం 10 రోజుల ముందు నోటీసివ్వాలి, రవాణా మంత్రిత్వ శాఖ సైట్లో తేదీలన్నీ పెడతారు.

మొదట్లో ఎవరడిగినా “మల్టీ సిటీ తప్ప వేరేది కొనకండి” అనేదాన్ని. ఇప్పుడంత గట్టిగా అనడం లేదు. ఒకే దిక్కుగా పోయేటప్పుడు మ్యూజియంలు మూసే రోజులు గొంతు మీద కూర్చుంటాయి. వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూత, నెలాఖరు ఆదివారం తప్ప. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ చిత్రశాల సోమవారం మూత. మళ్ళీ రోమ్‌కి వచ్చేవాళ్ళయితే పోయిందాన్ని చివర్లో చూసుకోవచ్చు. మనకి వెనక్కి దారి లేదు. విమానం తేదీ కన్నా ముందు ఈ మూత రోజులు కాగితం మీద వేసుకుని, ఆ తర్వాతే టికెట్టు కొనాలి. రోమ్‌లో కొన్న చెత్తంతా వెనిస్ దాకా మోయాలి, అదొకటి. వెనిస్‌లో అడుగుకో వంతెన, ప్రతి వంతెనకీ మెట్లు. మా ఆయన మోశారు కాబట్టి నేను దీన్ని పెద్ద లోపంగా రాయడం లేదు.

మా ప్రాంతం వాళ్ళు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది, టికెట్టు భువనేశ్వర్ నుంచి ఉంటే భువనేశ్వర్‌లోనే ఎక్కాలి. ఎలాగూ ఢిల్లీలో పనుంది, అక్కడే ఎక్కేస్తానంటే కుదరదు. మొదటి ముక్క వదిలేస్తే మామూలుగా మిగతా టికెట్టంతా రద్దు చేసేస్తారు. అలాగే మొత్తం ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు రెండో కంపెనీకి ఏం పట్టదు.

వియత్నాంలో మాత్రం దీనికి వంక పెట్టలేను. హనోయ్ నుంచి సైగాన్‌కి రైలు దారే 1726 కిలోమీటర్లు, అంత పొడుగు దేశంలో వెనక్కి రావడమనే ఆలోచనే దండగ. పైన దిగి, హ్యూ కోట, హోయాన్, చామ్ రాజులు శివుడికి కట్టిన మీసాన్ గుళ్ళు చూసుకుంటూ కిందికి జారిపోయాం. ఒక్కటే జాగ్రత్త, అక్కడి ఈ-వీసా ఫారంలో ఎక్కడ దిగుతారో, ఎక్కడ్నుంచి వెళ్ళిపోతారో రెండూ అడుగుతారు. అలవాటు కొద్దీ రెండు చోట్లా హనోయ్ కొట్టేయకండి.

ఇదంతా బడి సెలవులకి కట్టుబడి, రెండు విమానాశ్రయాల మధ్య ఊళ్ళో ఉండి, విశాఖలో అప్ప ఇల్లున్న మాకు కుదిరిన లెక్క. చిన్న పిల్లలతో వెళ్ళేవాళ్ళు, రెండు మూడు రోజులకోసారి గది మారడం అంటే చిరాకుపడేవాళ్ళు వేరేగా ఆలోచించుకోవాలి. మొన్న మా చిన్నత్తగారు మోకాళ్ళ నొప్పులతో ఇటలీ వెళ్తానంటే ఆవిడకి రోమ్ టు రోమ్ మామూలు రిటర్నే చేయించాను. పెట్టె రోమ్‌లోనే ఉంచి, ఫ్లోరెన్స్‌కి గంటన్నర రైల్లో పొద్దున్న వెళ్ళి రాత్రికి వచ్చేయమన్నాను. వెనిస్ వద్దన్నాను. ఆవిడకి కోపం వచ్చింది.