మొదటి బెల్టుకు ఏ తోలు: వెజ్ టానా, క్రోమ్ టానా?

తోలుపని కొత్తగా మొదలుపెట్టేవాళ్లను నేను వెజ్ టాన్ కొనమనే అంటాను. చెట్ల బెరడు, కాయల్లోని టానిన్లతో పదును చేసిన తోలు ఇది. మన వైపు తంగేడు చెక్క, కరక్కాయ అందుకే వాడేవారు.

దీన్ని తడి స్పాంజితో తుడిచి, తడి ఆరుతూ అసలు రంగు తిరిగొచ్చే వేళకు ముద్ర కొట్టండి, గీత అలాగే నిలిచిపోతుంది. కోసిన అంచుకు కాస్త నీళ్లు రాసి నున్నటి చెక్కతో గట్టిగా రుద్దితే పోగులన్నీ అణిగి నిగనిగలాడుతుంది. ఆ మెరుపు చూస్తే ఎంత సంతోషమో! బెల్టుకు 3 నుంచి 4 మి.మీ. మందం చాలు.

ఒక్కటే టెన్షన్: తడిగా ఉన్నప్పుడు ఇనుము తగిలితే నల్లమచ్చ పడుతుంది, తేలిగ్గా పోదు.

క్రోమ్ టాన్ అంటే క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు. ఇది మెత్తన, తడికి అంత త్వరగా పాడవదు, రంగులూ ఎక్కువే. మెత్తటి బ్యాగులకు నేనూ అదే తీసుకుంటాను. కానీ ముద్ర సరిగా నిలవదు. అంచు రుద్దినా మెరవదు కాబట్టి ఎడ్జ్ పెయింట్ వేయాలి, లేదా మడిచి కుట్టాలి. కోసేటప్పుడు సాగుతుంది, అందుకని కత్తికి కొత్త బ్లేడు వేసుకోండి.