తిరుపతిలో కొన్న గ్లైడర్ కిట్: డబ్బా మీద రాసిన టర్బులెన్స్ కొలత లేదు, అయినా కొనండి

మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబుకని ఏఐఆర్ బైపాస్ రోడ్డు పక్క సందులో ఉండే ఎలక్ట్రానిక్స్ షాపులో ఈ అండర్‌వాటర్ గ్లైడర్ కిట్ తీసుకున్నాం, 9,500 రూపాయలు. మన ఊర్లో ఇట్లాంటిది దొరకడమే అరుదు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నా, లెక్చరర్లు, ఇంజనీరింగ్ పిల్లోళ్లు ఎవరైనా చూస్తే పనికొస్తాది.

డబ్బాలో అక్రిలిక్ గొట్టం, రెండు రెక్కలు, 60 మిల్లీలీటర్ల సిరంజి, దాన్ని నడిపే చిన్న మోటారు, ప్రెషర్, టెంపరేచర్ సెన్సార్లు, కదలికను, వణుకును పట్టే యాక్సెలరోమీటర్, మెమరీ కార్డు ఉండాయి. ప్రొపెల్లర్ లేదు. సిరంజి నీళ్లు పీల్చుకుంటే మునుగుతాది, బయటికి తోసేస్తే తేలుతాది, ఆ మునిగేటప్పుడూ తేలేటప్పుడూ రెక్కలు దాన్ని ముందుకు జారేలా చేస్తాయి, అంతే మెకానిజం. నిజం సముద్రంలో తిరిగే స్లోకమ్ గ్లైడర్లు నడిచేది కూడా ఈ సూత్రం మీదే. 1989లో హెన్రీ స్టోమెల్ అనే సముద్ర శాస్త్రవేత్త ఇట్లాంటి యంత్రాలు లోకమంతా తిరుగుతాయని ఊహించి ఒక వ్యాసం రాశాడు, 2009లో రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ల గ్లైడర్ అట్లాంటిక్ దాటేసింది కూడా.

ఇప్పుడు అసలు విషయం. డబ్బా మీద "సముద్ర టర్బులెన్స్ కొలవండి" అని పెద్ద అక్షరాలతో రాసినారు. టర్బులెన్స్ అంటే నీళ్లు సుళ్లు సుళ్లుగా అల్లకల్లోలంగా కదలడం, దాన్ని కొలవడం మాత్రం ఈ కిట్ వల్ల కాదు. ఇందులోని టెంపరేచర్ సెన్సార్ ఒక్క రీడింగ్ ఇవ్వడానికి ముప్పావు సెకను తీసుకుంటాది, గ్లైడర్ సెకనుకు 30 సెంటీమీటర్లు పోతుందనుకుంటే రెండు రీడింగుల మధ్య 20 సెంటీమీటర్లకు పైగా నీళ్లు దాటిపోతాయి. టర్బులెన్స్‌లో పెద్ద సుడి చిన్న సుడిగా, చిన్నది ఇంకా చిన్నదిగా విరిగిపోతా పోతా, సెంటీమీటరు, మిల్లీమీటర్ల సైజుకు వచ్చినాక ఆ శక్తి వేడిగా మారిపోతాది, కొలవాల్సింది అక్కడ. అందుకే శాస్త్రవేత్తలు గ్లైడర్ మీద షియర్ ప్రోబ్ అనే సూది మొన లాంటి సెన్సార్ బిగిస్తారు, కెనడా కంపెనీ రాక్‌లాండ్ వాళ్ల మైక్రోరైడర్ అయితే సెకనుకు 512 సార్లు చదువుతాది, అదే వేగం మీద లెక్కేస్తే మిల్లీమీటరు కంటే తక్కువ దూరానికి ఒక రీడింగ్. ఇంకా వాళ్లు కొలిచే ఆ వేడిగా మారే శక్తి ఎంత చిన్నదో చూడండి, ప్రశాంతమైన లోతు నీళ్లలో కిలో నీటికి వాట్‌లో వంద కోట్లవ వంతు, కొన్నిచోట్ల అంతకంటే తక్కువ కూడా. అంటే ఒక ఘన కిలోమీటరు సముద్రం మొత్తానికి ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఒకటి ఆన్ చేసినంత! దాన్ని పట్టుకోవడం అంటే మాటలా.

అయినా ఎందుకు కొనమంటున్నానంటే యాక్సెలరోమీటర్ కోసం. షాపాయన విడిగా చిన్న థ్రస్టర్ మోటారు, అంటే ప్రొపెల్లర్ తిప్పి నెట్టేది, కూడా అమ్ముతాడు, అది బిగించి చంద్రగిరి దగ్గర ఒక స్టూడెంట్ వాళ్ల వ్యవసాయ బావిలో దింపితే గ్రాఫ్ మొత్తం వణుకే, ఏం చూడటానికీ లేదు. థ్రస్టర్ తీసేసి సిరంజితో వదిలితే మునిగేంతసేపూ గీత గీసినట్టు నున్నగా వచ్చింది, సిరంజి మోటారు తిరిగిన చోట మాత్రం ఒక గుబురు. పిల్లోళ్లకు అప్పుడు అర్థమైంది టర్బులెన్స్ పనికి గ్లైడర్ ఎందుకు అంత ఇష్టమో, నీళ్ల వణుకు కొలిచేదానికి తన వణుకు ఉండకూడదు గదా. నిజం గ్లైడర్లలో కూడా పైనా కిందా మలుపు తిరిగేటప్పుడు పంపు ఆడిన డేటాను పక్కన పెట్టేస్తారు. ప్రొపెల్లర్ ఉండే వాటితో చేయలేరని కాదు, 2017లో బ్రిటన్ వాళ్ల బోటీ మెక్‌బోట్‌ఫేస్ అనే మనిషి లేని జలాంతర్గామి అంటార్కిటికా దగ్గర ఓర్క్నీ పాసేజ్‌లో అడుగు నీళ్ల టర్బులెన్స్ కొలిచి వచ్చింది, కాకపోతే అక్కడ వైబ్రేషన్‌ను వేరు చేయడం పెద్ద పని.

తిరుపతి దగ్గర ఉండే మన గాదంకి వాతావరణ రాడార్ గురించి తెలిసినోళ్లకు ఇది ఇంకా బాగా ఎక్కుతాది. అక్కడ 1024 యాంటెన్నాలతో 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలు పైకి పంపి గాలిలో టర్బులెన్స్‌ను నేల మీద నుంచే చూస్తారు, సముద్రంలో రేడియో తరంగాలు పోవు, కాబట్టి పరికరమే నీళ్లలోకి దిగాల్సిందే.

టెంపరేచర్ సెన్సార్ దండగ అనుకోవద్దు. ఎండాకాలం బావిలో పైన వెచ్చగా, కొంచెం కిందికి పోగానే చల్లగా మారే పొర భలే కనపడింది. తర్వాత 200 లీటర్ల డ్రమ్ములో కింద ఉప్పునీళ్లు, పైన మంచినీళ్లు జాగ్రత్తగా పోసి వదిలినాం, కిట్ ఆ రెండిటి మధ్యలో నిలబడిపోయింది, కిందికి దిగలే! బంగాళాఖాతం సంగతి ఇదే కదా, గంగ, బ్రహ్మపుత్ర నీళ్లు, వాన నీళ్లు పైన పలచని పొరలా పరుచుకుంటాయి, కింద ఉప్పునీళ్లతో అంత తేలిగ్గా కలవవు. ఆ పైపొర ఎంత వేడెక్కుతుంది, కింది నీళ్లతో ఎంత కలుస్తుంది అన్నదాని మీద రుతుపవనాలు, తుపాన్లు చాలా ఆధారపడి ఉంటాయి, అందుకే 2016లో మనోళ్లూ బ్రిటన్ వాళ్లూ కలిసి బాబుల్ అనే ప్రయోగంలో అక్కడ గ్లైడర్లు వదిలినారు. 2021 నవంబర్‌లో తిరుపతిని ముంచిన వాన తెచ్చింది బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండమే, కాబట్టి ఇది మనకు దూరపు విషయం కాదు.

లోపాలు చెప్పాలంటే, నీళ్లు లోపలికి రాకుండా వేసే రబ్బరు ఓ-రింగ్ నాసిరకం, మొదటి సారే లోపలికి తేమ వచ్చింది, మార్చి ఇమ్మంటే షాపాయన మారు మాట్లాడకుండా ఇచ్చినాడు, "సార్, గ్రీజు జాస్తి పూయండి" అని చెప్పి చిన్న డబ్బీ కూడా ఇచ్చినాడు. మాన్యువల్ అరకొరగా ఉంది. ముఖ్యంగా అదనపు బరువులు ఇవ్వలేదు, సముద్రపు నీళ్లు లీటరుకు దాదాపు 25 గ్రాములు బరువెక్కువ, కిట్ మూడు కిలోల దాకా ఉంటాది కాబట్టి బావికి సరిపెట్టినది సముద్రంలో మునగాలంటే ఇంకో 75 గ్రాములు కావాలి, సిరంజి ఒక్కటే ఆ తేడా మోయలేదు. సీసం ముక్కలు మేమే కొనుక్కున్నాం.

5కి 4 ఇస్తా, ఆ ఒక్క పాయింట్ డబ్బా మీద రాతకు తగ్గించినా. తీసుకునేటప్పుడు థ్రస్టర్ కూడా అడిగి తీసుకోండి, పక్కపక్కన రెండు గ్రాఫులు లేకపోతే ఈ కిట్‌లో సగం పాఠం పోయినట్టే, ఓ-రింగులు మాత్రం రెండు ఎక్స్‌ట్రా పెట్టుకోండి.