ర్యాంకుల పట్టికా, ఆక్రమణ పటమా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ సీజన్‌ను ర్యాంకుల పట్టికగా చదవవచ్చు. లేదా ప్రతి కౌంటీనీ (మన జిల్లాలాంటి విభాగం) దగ్గరి జట్టుకు రాసిచ్చి, ఓడినవారి భూమినంతా గెలిచినవారికి ధారాదత్తం చేసే పటంగా చూడవచ్చు. 2024 సెప్టెంబరు 7న నార్తర్న్ ఇల్లినాయ్ 16-14తో ఓడించినప్పుడు, అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ ర్యాంకుల పట్టికలో 5వ స్థానంలో ఉన్న నోటర్ డేమ్ 18కి జారింది. పటంలోనైతే, వారం కిందట టెక్సాస్ ఎ అండ్ ఎం నుంచి గెలుచుకున్న నేలతోపాటు సొంత క్యాంపస్ ఉన్న కౌంటీ కూడా దానికి మిగలలేదు. తర్వాతి శనివారం పర్‌డ్యూను 66-7తో చిత్తుచేసి పొరుగు గడ్డమీద కాలు మోపింది. ఆపై వారం నార్తర్న్ ఇల్లినాయ్ బఫెలో చేతిలో ఓడడంతో పోయిన రాజ్యం మళ్లీ చేతులు మారింది. అదే నోటర్ డేమ్ చివరకు జాతీయ ఫైనల్ ఆడింది. కనుక బలాబలాల అంచనాకు పట్టికే నయం. అయినా, జూదంలో రాజ్యం పోగొట్టుకున్న పాండవుల కథ వింటూ పెరిగినందుకేమో, నేను ముందు తెరిచేది పటాన్నే.