హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ఏది మేలు: పీఆర్‌పీనా, మినాక్సిడిలా, ఫినాస్టెరైడా?

నేను ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నానని తెలిసినవాళ్లు తమ సర్జరీ అయిన మూడో వారంలో ఫోన్ చేస్తుంటారు. అందరిదీ ఒకటే టెన్షన్: పెట్టిన వెంట్రుకలు రాలిపోతున్నాయి, క్లినిక్‌లో పీఆర్‌పీ (మన రక్తంలోని ప్లేట్‌లెట్లతో తలకు ఇచ్చే ఇంజెక్షన్లు) ప్యాకేజీ తీసుకోమంటున్నారు, తీసుకోవాలా?

ముందు రాలడం గురించి. సర్జరీ అయ్యాక రెండు నుంచి ఆరు వారాల మధ్య పెట్టిన వెంట్రుకల్లో చాలావరకు రాలిపోతాయి. రాలేది వెంట్రుకే, కుదురు చర్మం లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు కొత్తవి మొలవడం మొదలై, పూర్తి రూపు రావడానికి ఏడాది పడుతుంది. నడినెత్తి మీదైతే ఇంకా ఆలస్యం. కాబట్టి ఈ రాలడాన్ని చూసి భయపడి ఏదీ కొనొద్దు. రక్తం, చీము, విపరీతమైన నొప్పి ఉంటే మాత్రం వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

నిజంగా కాపాడుకోవాల్సింది పాత జుట్టును. తల వెనక నుంచి తీసిన కుదుళ్లను ముందుకు మార్చినా వాటి గుణం మారదని అమెరికా వైద్యుడు నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో రాశారు. బట్టతలకు కారణమయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్‌కు అవి అంత తేలిగ్గా లొంగవు. ఈ సర్జరీకి ఆధారం అదే. పక్కనే ఉన్న సొంత జుట్టుకు ఆ బలం లేదు. అది పల్చబడుతూ పోతే కొన్నేళ్లకు నుదుటి మీద పెట్టిన వరస ఒక్కటే మిగిలి, దాని వెనక ఖాళీ కనిపిస్తుంది. మళ్లీ సర్జరీ చేద్దామన్నా తల వెనక నుంచి తీయగలిగేదానికి ఒక హద్దు ఉంది. అందుకే డీహెచ్‌టీని ఏది ఆపుతుందన్నదే నేను మొదట చూస్తాను.

ఈ మూడింటిలో ఆ పని చేసేది ఫినాస్టెరైడ్ ఒక్కటే. రోజుకొక 1 మి.గ్రా. మాత్ర. రక్తంలోని డీహెచ్‌టీని సుమారు మూడింట రెండు వంతులు తగ్గిస్తుంది. మగవాళ్ల బట్టతలకు అమెరికాలో 1997లోనే అనుమతి వచ్చింది. దీని మీద ఉన్న భయాన్ని నేను కొట్టిపారేయను. కొద్దిమందిలో లైంగిక ఆసక్తి, అంగస్తంభన తగ్గుతాయి, కొందరికి మనసు కుంగుతుంది, మాత్ర ఆపాక కూడా ఇబ్బంది పోలేదని చెప్పినవాళ్లున్నారు. కాబట్టి డాక్టర్‌తో మాట్లాడకుండా మొదలుపెట్టొద్దు. పిల్లల కోసం ప్రయత్నిస్తుంటే ఆ మాట కూడా ముందే చెప్పాలి. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ పరీక్షలో ఈ మాత్ర వల్ల అంకె దాదాపు సగానికి పడిపోతుంది, కాబట్టి పరీక్ష చేయించేటప్పుడు వాడుతున్నట్టు చెప్పాలి. గర్భిణులు విరిగిన మాత్రను తాకకూడదు.

మినాక్సిడిల్ డీహెచ్‌టీ జోలికి పోదు, వెంట్రుక పెరిగే దశను పొడిగిస్తుంది. తలకు రాసుకునే 5 శాతం ద్రావణం మంచి తోడు. ఫినాస్టెరైడ్ వద్దనుకున్నవాళ్లకు ఇదే పెద్ద ఆసరా. అయితే మొదటి వారాల్లో ఇదే కొంత జుట్టు రాలుస్తుంది. సర్జరీ తర్వాతి రాలుడూ అప్పుడే ఉంటే రెండూ కలిసి గుండె జారిపోతుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్‌నే అడగండి. ఆపేస్తే కొన్ని నెలల్లో దాని లాభం పోతుంది, ఫినాస్టెరైడ్‌కూ అంతే.

ఇక పీఆర్‌పీ. మన రక్తమే తీసి, మెషీన్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని తలలోకి ఇంజెక్షన్లుగా ఇస్తారు. కొందరికి జుట్టు కాస్త ఒత్తుగా వస్తుంది. కానీ ఎంత రక్తం తీయాలి, ఎన్నాళ్లకోసారి ఇవ్వాలి అన్నదాంట్లో ఒక క్లినిక్‌కూ ఇంకో క్లినిక్‌కూ పొంతన లేదు, అధ్యయనాల ఫలితాలూ ఒకేలా లేవు. పైగా ప్యాకేజీ రెండో నెలలో మొదలైతే, నాలుగో నెలలో ఎలాగూ మొలిచే జుట్టును చూసి అది పీఆర్‌పీ వల్లే వచ్చిందనుకుంటాం. నెలనెలా వేలు పోసే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

లేజర్ టోపీ డబ్బు మిగిలితే చూసుకోవచ్చు. బయోటిన్ అనే విటమిన్ మాత్రలు దాని లోపం ఉన్నవాళ్లకే పనికొస్తాయి, పైగా వాటివల్ల థైరాయిడ్ పరీక్షల ఫలితాలు తప్పుగా రావచ్చు.

నేనైతే ఫినాస్టెరైడ్, పక్కన మినాక్సిడిల్ ఎంచుకున్నాను. పీఆర్‌పీ కావాలనిపిస్తే ఏడాది నిండి, ఎంత జుట్టు వచ్చిందో తేలాక అడగండి. అప్పటికీ ఆ క్లినిక్ అక్కడే ఉంటుంది.